పుర్రచేతి కాంతెలె

రైమో మాస్టారి వడ్రంగి గదిలో కిటికీ పక్కన ఒక అర ఉంది. కోయివువారా ఊరి బడిలో చదివినవాళ్లలో ఆ అరంటే భయపడనివాళ్లు లేరు. దాని పేరు తప్పుల అర. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పక్కకి ఒలకబోసే ముక్కాలిపీట, పిట్ట దూరడానికి కన్నం పెట్టడం మరిచిపోయిన పిట్టగూడు, పాముపిల్లలా వంకర్లు పోయిన వెన్నకత్తి, ఇలాంటి ఘనకార్యాలన్నీ దాని మీద కొలువుతీరి ఉంటాయి. ఏటా దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడతారు మాస్టారు. "వీటి దగ్గర నేర్చుకున్నంత నా దగ్గర కూడా ఎవరూ నేర్చుకోలేదు" అంటారు. ఆయన దృష్టిలో అది గౌరవమే కావచ్చు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పన్నెండేళ్ల పిల్లకి మాత్రం అది నలుగురిలో నిలబెట్టి చెవి మెలిపెట్టినట్టే ఉంటుంది.

హిల్లా తన వస్తువు ఒక్కటి కూడా ఆ అర ఎక్కకుండా ఆరో తరగతి దాకా నెట్టుకొచ్చింది. పుర్రచేతివాటం పిల్ల. కోపం ముక్కు మీదే ఉంటుంది. చేత్తో పని చేస్తున్నప్పుడు మాత్రం నోట్లోంచి మాట రాదు, నాలుక కొస బయటపెట్టి ఉలి పట్టుకుందంటే బడి గంట కూడా వినబడదు దానికి.

ఆ బడిలో ఆరో తరగతికి వచ్చిన ప్రతివాళ్లూ చలికాలమంతా కూర్చుని తమ కాంతెలె తామే చేసుకోవాలి. ఒళ్లో పెట్టుకుని వాయించే ఐదు తీగల వాద్యం అది. ఆల్డర్ చెట్టు దుంగని ఉలితో తొలిచి, పైన పల్చటి చెక్కమూత అతికించి, బిరడాలు బిగించి, తీగలు లాగుతారు. ఎవరు చేసింది వాళ్లే వాయించాలి, ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. వేసవి సెలవులకి ముందు జరిగే వసంతోత్సవంలో ఊరంతా చూస్తుండగా అది మోగాలి. అంతే కాదు, ఆరో తరగతిలో ఒక్కొక్కరికి ఒకటో తరగతి పిల్లనో పిల్లవాణ్ణో అప్పజెబుతారు. వీళ్లు పెద్దతోడు, వాళ్లు చిన్నతోడు. పెద్దతోడు చిన్నతోడుకి ఒక పాట నేర్పాలి, ఇద్దరూ కలిసి ఉత్సవంలో వాయించాలి. హిల్లా ఒకటో తరగతిలో ఉన్నప్పుడు తన పెద్దతోడు కాంతెలె మీద వేలు పెట్టి చూసిన రోజు నుంచీ ఈ ఏడు కోసమే ఎదురుచూస్తోంది.

మార్చి నెలలో, చూరు మంచు కరిగి బొట్లు బొట్లుగా రాలుతున్న ఒక పొద్దున, రైమో మాస్టారు పిల్లల కాంతెలెలన్నీ పొడుగు బల్ల మీద వరసగా పెట్టించారు. తొలవడం, మూతలు అతికించడం అయిపోయాయి. ఇక బిరడాలకి కన్నాలు వేయాలి. అన్నింటికీ బిరడాలు దిగే వెడల్పు కొస ఎడమకి, సన్న కొస కుడికి. అన్నింటికీ, ఒక్కటి తప్ప.

"ఒరేయ్, ఇటు చూడండ్రా!" అని అరిచాడు నీలో అనే కుర్రాడు. తరగతి మొత్తంలో వేగంగా వాయించేదీ, గట్టిగా మాట్లాడేదీ వాడే. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! హిల్లా కాంతెలె అందరికీ వీపు చూపించి పడుకుంది!"

"తిప్పి పెట్టాను, అంతే. దానికేం గోల?" అంటూ హిల్లా దాన్ని ఇటు తిప్పింది.

ఇటు తిప్పితే వెడల్పు కొస ఎడమకి వచ్చింది గానీ, పొట్టి తీగ రావలసిన అంచు అవతలకి పోయి, పొడుగు అంచు తన పొట్టకి తగిలింది. కాంతెలెకి పొట్టి తీగ ఒడి వైపు ఉండాలి. మళ్లీ అటు తిప్పింది. పొట్టి అంచు ఒడికి వచ్చింది, వెడల్పు కొస కుడికి పోయింది. ఎన్నిసార్లు తిప్పినా రెండింట్లో ఏదో ఒకటి తప్పుతూనే ఉంది. నాలుగోసారి తిప్పేసరికి దాని చెవులు ఎర్రబడ్డాయి. నీలో కిసుక్కుమన్నాడు.

జరిగిందేమిటంటే, జనవరిలో అందరూ దుంగల మీద ఆకారం గీసుకున్న రోజున హిల్లా జ్వరంతో ఇంట్లో పడుకుంది. తిరిగొచ్చాక, అందరికంటే వెనకబడిపోయానన్న తొందరలో, మధ్యాహ్నం అన్నాలవేళ ఒక్కతే వడ్రంగి గదిలోకి వెళ్లి గీసుకుంది. గీసుకోవడానికి గోడ మేకుకి ఒక ప్లైవుడ్ పలక వేలాడుతూ ఉంటుంది. ఎన్నో ఏళ్ల పిల్లల పెన్సిళ్లు దాని అంచుల చుట్టూ తిరిగి తిరిగి నున్నగా అరగదీశాయి. దాని మీద కాల్చిన ఇనపకడ్డీతో "పై వైపు" అని రాసి ఉంది. పుర్రచేతికి ఎటు పట్టుకుంటే హాయిగా ఉందో అటు పట్టుకుని గీసేసింది హిల్లా. రాత దుంగకి ఆనుకుంది, పలక బోర్లా పడింది. పుర్రచేతి పిల్ల కాబట్టి మాస్టారే దాని బల్లకి బిగింపు అటు వైపు పెట్టించారు. అది ఎప్పుడూ అందరికీ ఎదురుగా నిలబడే పని చేసుకునేది. దాంతో తొలుస్తున్నన్నాళ్లూ ఆ కాంతెలె దిక్కు తేడాగా ఉందని ఎవరికీ తోచలేదు, మాస్టారికి కూడా.

రైమో మాస్టారు దాన్ని రెండు చేతులతో ఎత్తి, వెలుతురుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. "పలక బోర్లా పెట్టి గీశావమ్మా" అన్నారు చివరికి. "నా కళ్లేం చేస్తున్నాయో మరి. నేనూ చూడలేదు."

"ఇంకోటి చేస్తాను మాస్టారూ."

"దేంతో? ఎండిన దుంగలన్నీ అయిపోయాయి. పచ్చి దుంగ తొలిస్తే పగులుతుంది."

"అయితే ఏం చెయ్యాలి?"

 ఆయన కళ్లు, పాపం అలవాటు కొద్దీ, కిటికీ పక్కకి వెళ్లాయి. హిల్లా చూసేసింది.

"అక్కడ పెట్టనివ్వను!" అంది. "నేను చచ్చినా అక్కడ పెట్టనివ్వను!"

"పెడతానని ఎవరన్నారు? ముందు పూర్తి చెయ్యి. సగంలో వదిలేస్తే అది తప్పు కూడా కాదు, బద్ధకం. నా అర మీద బద్ధకానికి చోటు లేదు."

పూర్తి చేసింది. కోపమంతా చేతుల్లోకి దించుకుని చేసింది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది ఆ చెక్కని చంటిపిల్ల బుగ్గలా చేసింది. బిర్చ్ కొయ్యతో బిరడాలు చెక్కి, మైనం పట్టించి, తీగలు లాగి బిగించింది. ఎడమ చేత్తో ఒక్కసారి మీటితే, గదిలో చిత్రిక పడుతున్నవాళ్లు చేతులాపి తలలు తిప్పారు. గుండ్రటి, లోతైన మోత. తొలవడంలో హిల్లా ఉలి ఎక్కడా ఆదరాబాదరాగా పోలేదు మరి, గోడలన్నీ ఒకే మందంలో ఉన్నాయి. రైమో మాస్టారు వంగి, చెక్కకి చెవి ఆనించి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా అలాగే ఉండి, ఏమీ అనకుండా తన రంపం దగ్గరికి వెళ్లిపోయారు. కోయివువారాలో అంతకన్నా పొగడ్త ఉండదు.

కానీ వసంతోత్సవం రైమో మాస్టారి చేతిలో లేదు, ఐలా టీచర్ చేతిలో ఉంది. సంగీతం టీచర్ ఐలా చెడ్డ మనిషేం కాదు. కాకపోతే వరసలో ఒక్క కుర్చీ వంకరగా ఉంటే ఆవిడకి మాట కూడా సరిగ్గా రాదు. ఉత్సవంలో వాయించే పాటకి కుడిచేత్తో తీగలన్నీ ఒక్కసారి మీటాలి, ఎడమచేతి వేళ్లతో అక్కర్లేని తీగలని అదిమిపెట్టాలి. హిల్లా కాంతెలె మీద అంతా తలకిందులు. అది ఎడమచేత్తో మీటాలి, కుడిచేత్తో అదమాలి. మొదటి సాధనలోనే పెద్దతోడులందరి మోచేతులూ అటు ఊగితే హిల్లా మోచెయ్యి ఇటు ఊగి, పక్కనున్న అమ్మాయి పక్కటెముకలకి తగిలింది.

"చూడమ్మా హిల్లా" అంది ఐలా టీచర్, అందరూ వెళ్లాక. "మోత బంగారంలా ఉంది, కాదనను. కానీ నువ్వు ఒక్కదానివే వాయించుకునే పండగ కాదు ఇది. నీ చిన్నతోడు సోహ్వికి నేర్పాలి. చిన్నపిల్ల పక్కన కూర్చుని నీ చేతులు చూసే కదా నేర్చుకోవాలి? నీ చేతులు చూస్తే దానికేం వస్తుంది? బీరువాలో ఒక కాంతెలె ఉంది, పట్నానికి మారిపోయిన పిల్ల వదిలేసింది. అది తీసుకో."

"ఎవరు చేసింది వాళ్లే వాయించాలి కదా టీచర్?"

"ఆ ఆచారం పెట్టింది మనమే. ఒక్కసారి సడలిస్తే కొంపలేం మునగవు."

"సోహ్వికి నా దాని మీదే నేర్పుతాను. నేర్పలేకపోతే అప్పుడు చెప్పండి."

ఐలా టీచర్ నిట్టూర్చింది. "సరే. మే ఒకటిన వచ్చే వప్పు పండగ ముందు రోజు వింటాను. సోహ్వికి పాట వచ్చిందా, నీ కాంతెలెతోనే కూర్చో. రాలేదా, బీరువాలోది తీసుకో, మళ్లీ మాట్లాడకు."

"మరి నాది?"

"రైమో దగ్గర అర ఉందిగా" అంది ఆవిడ, ఆలోచించకుండానే. ఆ మాట పిల్ల గుండెలో ఎక్కడ దిగిందో ఆవిడకి తెలియదు.

సోహ్వి ఒకటో తరగతి. పై పళ్లు రెండూ ఊడి, నవ్వితే ద్వారం తెరిచినట్టుండే పిల్ల. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. బడివాళ్లు చిన్నపిల్లల కోసం ఉంచిన చిట్టి కాంతెలె ఒళ్లో పెట్టుకుని హిల్లా పక్కన కూర్చునేది. హిల్లా ఎడమచేత్తో మీటేది. సోహ్వి చూసి తానూ ఎడమచేత్తో మీటేది.

"ఆ చెయ్యి కాదు సోహ్వీ, ఈ చెయ్యి."

"నువ్వు ఆ చేత్తోనే కదా వాయిస్తున్నావు?"

"నాది వేరు. నేను చేసినట్టు చెయ్యొద్దు, చెప్పినట్టు చెయ్యి."

ఈ మాట లోకంలో ఏ పిల్ల దగ్గరా ఇంతవరకూ పనిచెయ్యలేదు, సోహ్వి దగ్గర ఎలా పనిచేస్తుంది? చెయ్యి మారిస్తే వేళ్లు మరిచిపోయేది. వేళ్లు సరిచేస్తే చెయ్యి మారిపోయేది. నోటితో చెప్పి చూసింది హిల్లా. వేళ్లు పట్టుకుని తీగల మీద పెట్టి చూసింది. తన తలలో అన్నీ తిరగేసుకుని చెప్పబోయి తనే తికమకపడింది. పక్క బెంచీ మీద నీలో తన చిన్నతోడు ఓత్సోకి నేర్పుతూ, అంటే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తాను గబగబా వాయించుకుంటూ, "ఏంటి హిల్లా, ఇవాళ తూర్పు ఎటుంది?" అని అడిగేవాడు.

వప్పు పండగ రేపనగా, అంటే ఐలా టీచర్ వింటానన్న రోజున, మధ్యాహ్నం బఠాణీ సూప్ తాగి హిల్లా, సోహ్వి కోట్లు తగిలించే నడవాలోకి వచ్చారు. తడి బూట్ల వాసన, ఉన్ని మేజోళ్ల వాసన. ఇటో బెంచీ, అటో బెంచీ, మధ్యలో బూట్ల గుట్ట. హిల్లా మొదలుపెట్టింది. సోహ్వి ఎడమచెయ్యి ఎత్తింది.

"ఈ చెయ్యి!" అని అరిచింది హిల్లా. అరవకుండా ఉండాల్సింది.

సోహ్వి పెదవి వణికింది. తర్వాత కళ్లు ఉరిమాయి. "నీదే తప్పుడు కాంతెలె! అందరూ అంటున్నారు! నీ పక్కన కూచోను, ఫో!" అని తన చిట్టి కాంతెలె చంకలో పెట్టుకుని, బూట్లన్నీ తొక్కుకుంటూ అవతలి బెంచీకి పోయి, వేలాడుతున్న కోట్ల కింద ముడుచుకుని కూర్చుంది. మూతి మూడు వంకర్లు తిప్పింది.

 హిల్లాకి పిల్ల మీద కోపం కూడా రాలేదు. అయిపోయింది, అంతే. ఇప్పుడే వెళ్లి బీరువా తాళం అడగాలి. ఎవరిదో కాంతెలె ఒళ్లో పెట్టుకుని, ఎవరి చెప్పుల్లోనో కాళ్లు దూర్చినట్టు ఊరి ముందు కూర్చోవాలి. తను రుద్ది నున్నగా చేసిన దీన్ని ముక్కాలిపీట పక్కన పెడతారు. వచ్చే ఏడు పిల్లలు వచ్చి, ఇదెవరిది అని నవ్వుతారు. ఆ తలపుకి కళ్లు మసకబారాయి. లేచేముందు ఒక్కసారి వాయించుకుందామని, తల వంచుకుని, పాటంతా మెల్లిగా మొదలుపెట్టింది. మీటడం, అదమడం, మీటడం.

సగంలో దానికి రెండో మోత వినబడింది. సన్నగా, చిట్టిగా, వెనకే నడిచివస్తున్నట్టు.

తలెత్తకుండా వాయించింది. ఆ మోతా వచ్చింది. అదిమినచోట అణిగింది, వదిలినచోట పలికింది. హిల్లా మెల్లిగా కళ్లెత్తింది. ఎదురు బెంచీ మీద, కోట్ల చేతులు తల మీద వేలాడుతుండగా, సోహ్వి ఇంకా మూతి ముడుచుకునే ఉంది. కళ్లు మాత్రం హిల్లా చేతుల మీద ఉన్నాయి. కుడిచేత్తో మీటుతోంది. ఎడమ వేళ్లు ఏ తీగ మీద ఉండాలో ఆ తీగ మీదే ఉన్నాయి.

"ఎలా వాయిస్తున్నావే?" అంది హిల్లా.

"నిన్ను చూసి."

"ఇన్నాళ్లూ చూశావుగా?"

"ఇన్నాళ్లూ పక్కన కూచున్నావు. మా స్నానాల గదిలో అద్దం ఉంది కదా, అందులో పిల్ల నేను ఎటు తోముకుంటే పళ్లు అటే తోముకుంటుంది. నువ్వు ఇప్పుడు ఆ పిల్లలా ఉన్నావు."

"నీకున్న పళ్లెన్నే తోముకోవడానికి?"

"నువ్వు ఆపకు. వాయించు!"

హిల్లా వాయించింది. వాయిస్తూనే లోపల లెక్క వేసుకుంది. తన ఎడమచెయ్యి, ఎదురుగా కూర్చున్నవాళ్లకి కుడివైపు కనిపిస్తోంది. తన బిరడాలు కుడికి ఉంటే, వాళ్ల బిరడాలు ఎడమకి, ఎదురెదురుగా, ఒక్క దిక్కునే. తన పొట్టి తీగ తన ఒడికి, వాళ్లది వాళ్ల ఒడికి. ఎక్కడా మెడ తిప్పక్కర్లేదు, తలలో ఏదీ తిరగెయ్యక్కర్లేదు. మామూలు కాంతెలెతో ఎదురుగా కూర్చుంటే అన్నీ తారుమారవుతాయి, అందుకే ఆ బడిలో అందరూ పక్కన కూర్చునే నేర్పుతారు. ఎదురుగా కూర్చుని నేర్పగలిగిన కాంతెలె బడి మొత్తం మీద ఒక్కటే ఉంది. అది తన ఒళ్లో ఉంది.

"సోహ్వీ" అంది. "పరిగెత్తుకెళ్లి ఓత్సోని పిలుచుకురా. కాంతెలె తెమ్మను."

ఓత్సో వచ్చాడు, ఓత్సో వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. గంట మోగే వేళకి ఎదురు బెంచీ మీద నలుగురు పిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. తొలిసారి గందరగోళంగా, రెండోసారి కొంచెం నయంగా, ఆ తర్వాత హాయిగా వాయించారు. ఐలా టీచర్ వినడానికి వచ్చేసరికి నవ్వులూ మోతా కలిసి నడవా అంతా నిండిపోయి ఉంది.

"ఎదురుగా ఎందుకు కూర్చున్నావు హిల్లా? అలా నేర్పరు" అంది ఆవిడ గుమ్మంలోంచే.

"మీరు కూర్చోండి టీచర్. చూడండి."

ఐలా టీచర్ నిలబడే విన్నది. మొదట సోహ్విని విన్నది, తర్వాత ఓత్సోని విన్నది. ఇన్నాళ్లూ మీటడం దగ్గరే ఆగిపోయిన పిల్లవాడు వాడు. ఆవిడ ఏం చేసిందంటే, సంగీతం గదిలోకి వెళ్లి తన కాంతెలె తెచ్చుకుని, చిన్నపిల్లల బెంచీ చివర వాళ్లని కాస్త జరగమని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. హిల్లాని చూస్తూ వాళ్లతో పాటు వాయించింది. పాట అయ్యాక తన కాంతెలె పక్కన పెట్టింది.

"ఏళ్ల తరబడి పిల్లలందరి మెడలూ పక్కకి తిప్పించాను" అంది. "ఎదురుగా కూర్చుంటే సరిపోయేదన్నమాట."

"మీ కాంతెలెతో సరిపోదు టీచర్" అంది హిల్లా. "నా దానితోనే." గర్వం అంటే ఏమిటో అప్పుడు ఆ పిల్ల ముఖం చూస్తే తెలిసేది.

ఈలోపు నీలో వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఓత్సో, నువ్వు నా చిన్నతోడువి కదరా! దీని దగ్గరికి ఎందుకొచ్చావు?"

"నువ్వు వాయిస్తుంటే నీ మోచెయ్యే కనిపిస్తుంది" అన్నాడు ఓత్సో. "దాని చేతులు కనిపిస్తాయి."

నీలో తలుపు చప్పుడయ్యేలా వెళ్లిపోయాడు. మర్నాడు కాదు గానీ ఆ మర్నాడు మళ్లీ వచ్చాడు. హిల్లా వెనక నిలబడి, అది ఎలా చూపిస్తోందో చాలాసేపు చూసి, "మెల్లిగా వాయించాలన్నమాట" అన్నాడు. నీలో లాంటివాడికి అది క్షమాపణ కిందే లెక్క.

ఐలా టీచర్ ఉత్సవం వరస మొత్తం మార్చింది. వరస మార్చడం ఆవిడకి ఎంత కష్టమో తెలిసినవాళ్లకే ఆ మాట విలువ తెలుస్తుంది. పెద్దతోడులు వెనక వరసలో, చిన్నతోడులందరూ ముందు వరసలో, ఊరివాళ్లకి ఎదురుగా. హిల్లా కుర్చీ మాత్రం ఒంటరిగా, చిన్నవాళ్లకి ఎదురుగా.

"అంటే నా వీపు జనం వైపా?" అంది హిల్లా. "మరి నా కాంతెలె ఎవరికీ కనిపించదు."

"కనిపించదు" అంది ఐలా టీచర్. "ఒప్పుకుంటావా?"

హిల్లా ఒక్క క్షణం ఆలోచించింది. ఎన్నేళ్లుగానో కలగన్న రోజు. నాన్న వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. చూడటానికి ఆయనకి ఏముంటుంది, ఒక జడ, రెండు మోచేతులు తప్ప? తర్వాత సోహ్వి ముఖం గుర్తొచ్చింది. "ఒప్పుకుంటాను" అంది.

వసంతోత్సవం నాడు వ్యాయామశాల నిండా లేత బిర్చ్ కొమ్మలు, కొత్త చొక్కాలు, కాఫీ వాసన. హిల్లా నాన్న తౌనో దుంగల లారీ నడుపుతాడు. మనిషి కొండంత, మాట గింజంత. ఇల్లు కాలిపోతున్నా "కాస్త వేడిగా ఉందే" అనే రకం. ముందు వరసలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. హిల్లా కాంతెలె పట్టుకుని ఆయన ముందు నుంచే వెళ్లి, కుర్చీ లాక్కుని, వీపు తిప్పి కూర్చుంది. వెనక ఎవరో ముసలావిడ, "ఆ పిల్లకేం వచ్చిందమ్మా, గోడకేసి కూర్చుంది?" అనడం వినబడింది.

ఇక హిల్లాకి ఆ శాల లేదు. ఎదురుగా ఒకటో తరగతి పిల్లలు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక చిట్టి కాంతెలె. అన్ని కళ్లూ తన చేతుల మీద. సోహ్వికి పై పన్ను ఒకటి బియ్యపుగింజంత మొలిచింది. హిల్లా ఎడమచెయ్యి ఎత్తింది. ఎదురుగా అన్ని కుడిచేతులూ లేచాయి.

మీటింది. పిల్లలందరూ మీటారు. వెనక వరసలో పెద్దతోడులు అందుకున్నారు. వరసలో ఒక్క చెయ్యి తారుమారవలేదు, ఒక్క తల పక్కకి తిరగలేదు. ఒక చోట ఓత్సో తడబడ్డాడు. హిల్లా కొంచెం వేగం తగ్గించింది, వాడు కలిశాడు, మళ్లీ సాగింది. తన లోతైన మోత మీద ఆ చిట్టి మోతలన్నీ కూర్చుని ఊరేగుతున్నట్టు ఉంది దానికి. చివరి మీటు అణిగేదాకా ఒక్క కుర్చీ కిర్రుమనలేదు.

అప్పుడు వెనక ఒక కుర్చీ గట్టిగా చప్పుడైంది. హిల్లా తిరిగి చూసింది. రైమో మాస్టారు లేచి నిలబడి ఉన్నారు. కోయివువారాలో చప్పట్లు కూర్చునే కొడతారు, పెళ్లిళ్లలో కూడా. ఆయన్ని చూసి ఐలా టీచర్ లేచింది. ఆ తర్వాత ఊరంతా లేచింది.

బయట, లారీ పక్కన, తౌనో టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నీ ముఖం కనిపించలేదు" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"ఆ పిల్లల ముఖాలన్నీ కనిపించాయి. అందరూ నీ వైపే చూస్తున్నారు." ముక్కు చీదుకున్నాడు. "ఫర్వాలేదు. బాగానే ఉంది."

ఆ ఫర్వాలేదుని హిల్లా ఈనాటికీ ఎవరేమిచ్చినా వదులుకోదు.

ఇంటికి బయల్దేరేముందు రైమో మాస్టారు దాన్ని వడ్రంగి గదిలోకి పిలిచారు. సోహ్వి కూడా తోకలా వెంటవచ్చింది. తప్పుల అర మీద ముక్కాలిపీటకీ పిట్టగూటికీ మధ్య కాంతెలె పట్టేంత ఖాళీ ఉంది.

"మార్చిలో జరిపి పెట్టాను" అన్నారు మాస్టారు. దాచలేదు. "ఇక అక్కర్లేదు." అంటూ పిట్టగూడుని జరిపి ఆ ఖాళీ మూసేశారు.

తర్వాత గోడ మేకు నుంచి పాత ప్లైవుడ్ పలక తీసి బల్ల మీద పెట్టారు. బోర్లా పెట్టారు, రాతలేని వైపు పైకి. పొయ్యి మీద ఇనపకడ్డీ అప్పటికే ఎర్రగా కాలుతోంది. పిడికి గుడ్డ చుట్టి హిల్లా చేతికి, ఎడమ చేతికే, ఇచ్చారు.

"ఏం రాయమంటారు?"

"ఆ వైపు ఏముంది?"

"పై వైపు."

"అదే రాయి."

హిల్లా నాలుక కొస బయటపెట్టి, అక్షరం అక్షరం కాల్చింది. పొగ లేచింది. సోహ్వి బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి చూసింది.

"రెండు వైపులా పై వైపే అయితే, నేను ఆరో తరగతికి వచ్చాక ఎటు పెట్టి గియ్యాలి?" అంది.

రైమో మాస్టారు హిల్లా వైపు చూశారు. హిల్లా పొగ ఊది, పలకని మేకుకి తగిలించింది, కొత్త రాత బయటికి కనిపించేలా.

"అప్పుడు నన్ను పిలువు" అంది. "వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను."